మట్టి మనదే, మెలకువ ఎవరిది?

గుంటూరు సీమను మాఘమాసం దాటిన తరువాత చూడాలి. పట్టణం విడిచి ఏ దిక్కుకు పోయినా సరే, బాటకు అటూ ఇటూ నల్లరేగడి నేల మీద ఎర్రని జంపఖానాలు పరచినట్లు కల్లాలలో మిరపపండ్లు ఆరుతూ ఉంటవి. బస్సు కిటికీ మూసినా ఘాటు లోపలికి వచ్చి పలకరించి పోతుంది. కొత్తవాడు తుమ్ముతాడు. ఈ ప్రాంతంవాడు ఆ తుమ్ము చూచి నవ్వుకొంటాడు. మిరపచేల నడుమ అక్కడక్కడ ప్రత్తి చేలు. ఏరగా మిగిలిన దూది మోళ్ళను పట్టుకొని గాలికి ఊగుతూ ఉంటుంది.

ఈ మిరప పుట్టినిల్లు అమెరికా ఖండం. పదహారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలెక్కి మన దేశానికి వచ్చినది. అంతకు ముందు మన వంటలకు కారం పెట్టినది మిరియమే. కొత్త కాయకు కొత్త పేరు వెదుకుకొనే శ్రమ పడక, మనవాళ్ళు మిరియాన్నే కాస్త మార్చి మిరప అన్నారు. నాలుగు వందల యేండ్లు తిరిగేసరికి గుంటూరు పేరు చెపితే మిరపకాయ, మిరపకాయ పేరు చెపితే గుంటూరు గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడినది. ఆవకాయ జాడీ ముందు కూర్చుండి, "ఇది పోర్చుగీసు ప్రభావం" అని ముద్ద కలపకుండా లేచిపోయిన తెలుగువాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

వంటలో ఇంత ఉదారంగా ఉండే మనం శిల్పం మాట వచ్చేసరికి తగవులకు దిగుతాము. అమరావతి శిల్పాల మాట ఎత్తగానే ఒకాయన, "అదంతా రోమువాళ్ళ దగ్గర నేర్చుకొన్నదే గదండీ!" అంటాడు. ఇంకొకాయనకు అది విన్న వెంటనే కోపం వస్తుంది. "కాదు, వాళ్ళే మన దగ్గర నేర్చుకొన్నారు" అంటాడు. మొదటివారికి మనవాళ్ళ చేతి మీద నమ్మకం లేదు. రెండవవారికి మనవాళ్ళ చెవి మీద నమ్మకం లేదు. పరాయివాడు చెప్పిన మంచిమాట వినగలిగినవారు మన పూర్వులు అని ఒప్పుకోవడం ఆయనకు చిన్నతనంగా తోస్తుంది. ఈ రెండు మాటలూ చాలాకాలంగా వింటున్నాను గనుక, ఈసారి సెలవులలో ఈ ప్రశ్ననే సంచిలో వేసుకొని గుంటూరు, పల్నాడు, ప్రకాశం సీమలు తిరిగి వచ్చాను.

బయలుదేరే ముందు పాఠకులకు ఇటలీ దేశపు కథ ఒకటి చెప్పాలి. రోము నగరం ఇంకా పల్లెగా ఉన్న రోజులలో దానికి ఉత్తరాన, టైబరు, ఆర్నో నదుల నడుమ ఎట్రుస్కనులనే జాతి ఉండేది. వారి దేశంలో దొరికే రాయి చాలావరకు అగ్నిపర్వతాలు కక్కిన గుల్లరాయి. సన్నని చెక్కడానికి పనికిరాదు. పాలరాయి గనులు రోమనుల కాలానికి గాని ప్రసిద్ధికి రాలేదు. ఉన్నది మట్టి. ఆ మట్టితోనే వారు మనిషెత్తు దేవుళ్ళను చేసి, కాల్చి, రంగులు వేసి గుడి కప్పుల మీద నిలబెట్టారు. 1916లో వేయీ అనే ఊరిలో ఒక గుడి శిథిలాలలో దొరికిన అపోలో విగ్రహం క్రీ.పూ. 6వ శతాబ్ది చివరిది. నేడు రోములోని విల్లా జూలియా ప్రదర్శనశాలలో ఉన్నది.

మరి ఈ విద్య వారికి ఎవరు నేర్పారు? గ్రీకులు. కొరింథు నగరం నుంచి దెమరాటస్ అనే పెద్దమనిషి ఇటలీకి వలస వస్తూ మట్టి పనివాళ్ళను ముగ్గురిని వెంట తెచ్చాడని ప్లినీ అనే రోమన్ రచయిత వ్రాశాడు. అపోలో ముఖంలోని చిరునవ్వు, బాదం గింజల వంటి కళ్ళు, జడలు కట్టిన జుట్టు అన్నీ గ్రీకు పోకడలే. కాని గ్రీకులు ఆ వయసు యువకుణ్ణి దిగంబరంగా, కాళ్ళు బిగించి నిలబెట్టేవారు. ఎట్రుస్కను శిల్పి ఆయనకు ఒంటినిండా ఉత్తరీయం చుట్టి, అడుగు ముందుకు వేయించి, గుడి కప్పు మీద నడిపించాడు. పేరు కూడా అపోలో అనక "ఆప్లు" అన్నారు. గ్రీకుల హెరాక్లీస్ వారి నోట "హెర్క్లె" అయినాడు. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక ఆ పేర్లు వినగానే నాకు తద్భవాలు గుర్తుకు వచ్చినవి. వచ్చిన మాటను నోటికి ఎట్లా పలికితే సుఖంగా ఉంటుందో అట్లా మార్చుకొంటే అది తద్భవం. ఎట్రుస్కనులు పేరునూ తద్భవం చేసుకొన్నారు, బొమ్మనూ తద్భవం చేసుకొన్నారు.

గుంటూరు నుంచి అమరావతికి 35 కిలోమీటర్ల లోపే. దారిలో ఒక ఊళ్ళో కుమ్మరి ఇంటి ముందు ఆగాను. ఎండలు వస్తున్నవి గదా, మంచినీళ్ళ కుండలు ఆవం నుంచి దించి వరసగా పెట్టారు. ముసలాయన సారె దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఈ నల్లమట్టితోనే చేస్తారా, పెద్దాయనా?" అని అడిగాను.

"రేగడి ఒక్కటే అయితే ఆరేటప్పుడే నోరు తెరుచుద్దండీ పంతులుగారూ. చెరువు మట్టి తేవాల, ఇసక కలపాల, కాళ్ళతో తొక్కాల."

"అయితే మనిషంత బొమ్మ చెయ్యాలంటే?"

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూచి, "మీ అంతటిదేనా?" అని నవ్వి, "లోపల బోలుగా పెట్టాలండి. గట్టి ముద్దగా పెడితే ఆవంలో తేమ బయటికి పోయే దారిలేక పగిలి చక్కాపోద్ది" అన్నాడు.

వేయీలోని అపోలో లోపల బోలే. కాల్చేటప్పుడు పగలకుండా ఎట్రుస్కను పనివాళ్ళు మట్టిలో సన్నని రాతి పలుకులు కలిపేవారు. మన ముసలాయన ఇసక కలిపినట్లే. అయితే ఈయనకు ఆ సంగతి ఇటలీవాళ్ళు చెప్పారా? వారికి ఈయన తాతలు చెప్పారా? ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మట్టీ నిప్పూ ఇద్దరికీ ఒకే పాఠం చెప్పినవి. పోలిక వేరు, ప్రభావం వేరు అని మొదటి సంగతి నాకు ఆ కుండల నడుమనే తేటపడినది. రెండు వస్తువులు ఒకలాగు కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదాని బిడ్డ కాదు.

అమరావతిలో స్తూపం ఉన్న చోట ఈనాడు కనిపించేది తక్కువ. గుండ్రని దిబ్బ, కొద్దిపాటి పలకలు, ప్రక్కనే ప్రదర్శనశాల. 1797లో కల్నల్ మెకంజీ ఇక్కడికి వచ్చేనాటికే రాళ్ళు ఇళ్ళకూ కట్టడాలకూ తరలిపోతూ ఉన్నవి. సున్నపు బట్టీలకూ పోయినవి. ఆయన 1816లో మళ్ళీ వచ్చి మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన పలకలు మద్రాసుకు పోయి, అక్కడి నుంచి 1859లో లండను చేరినవి. ఈనాడు నూరుకు పైగా శిల్పాలు బ్రిటిషు మ్యూజియంలో ఉన్నవి. మరొక పెద్ద భాగం చెన్నపట్నం ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నది. అమరావతి శిల్పాన్ని చూడదలచినవారు అమరావతితో బాటు మరి రెండు నగరాలు తిరగాలి.

ఇటలీకి మట్టి ఎట్లాగో ఇక్కడికి రాయి అట్లాగు. పల్నాటి సున్నపురాయి లేత ఆకుపచ్చ ఛాయతో తెల్లగా, పలకలు పలకలుగా వస్తుంది, ఉలికి లొంగుతుంది. అందుచేత ఇక్కడివారు పెద్ద పనులన్నీ రాతిలో చేసి, మట్టిని చిన్న బొమ్మలకు ఉంచుకొన్నారు. ఎగ్మూరులోని ఒక గుండ్రని ఫలకం మీద నలగిరి అనే మదపుటేనుగు కథ ఉన్నది. ఒకే వలయంలో ఏనుగు రెండుమార్లు కనబడుతుంది. ఒక ప్రక్క వీథిలో పడి మనుషులను త్రొక్కుతూ, తొండంతో విసురుతూ. మరొక ప్రక్క బుద్ధుని ముందు మోకరిల్లి. మేడ కిటికీలలో నుంచి జనం తొంగి చూస్తూ ఉంటారు. మనుషులు ఒకరి వెనుక ఒకరు నిలబడి ఉన్నట్లు లోతు కనిపించే ఈ పద్ధతిలో రోమన్ శిల్పపు ఛాయ ఉన్నదని కొందరు పండితులు అన్నారు. ఉండవచ్చును. కాని ఆ ఏనుగు మోకరిల్లడంలోని బరువు, కిటికీలో మనుషుల ఆత్రం ఏనుగులు వీథిలో నడిచే దేశంలో పుట్టినవానికి గాని చెక్కడం చేతకాదు. అది అచ్చంగా దేశ్యం.

అమరావతి రాయి మీదనే ఇంకొక చిన్న సంగతి ఉన్నది. ఇక్కడి ప్రాకృత శాసనాలలో ఒకదానిలో "నాగబు" అనే మాట కనబడుతుంది. తెలుగు మాటలకు దొరికిన తొలి సాక్ష్యాలలో ఒకటిగా మన పరిశోధకులు దానిని చూపుతూ వచ్చారు. ఆ మాటను విడదీసి చూడండి. "నాగ" సంస్కృతం. చివరి "బు" తెలుగు. మన భాష మొట్టమొదట రాతికెక్కిన మాటలలోనే సగం అరువు, సగం సొంతం! అయినా అది తెలుగు మాట కాదని ఎవరూ అనలేదు. ఏ చెట్టు కొమ్మ తెచ్చుకొన్నా, అంటు కట్టిన చోట మన వేరు ఉంటే ఆ చెట్టు మనదే.

అమరావతి ప్రక్కనే ధరణికోట. పూర్వపు ధాన్యకటకం ఇదే. 1962 నుంచి 1965 వరకు జరిగిన త్రవ్వకాలలో ఇక్కడ కృష్ణకు కలిసే కాలువా, పడవలు ఆగే రేవుకట్టా బయటపడినవి. సముద్రపు సరకు నదిమీదుగా ఇంతదూరం వచ్చేదన్నమాట. క్రీస్తుశకం తొలి శతాబ్దిలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాన గ్రంథంలో మసాలియా తీరంలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతవని ఉన్నది. మసాలియా అంటే మన మచిలీపట్నం ప్రాంతం. మన ప్రత్తి బట్ట రోముకు పోయి, రోము బంగారం మనకు వచ్చిన దారి అది.

ఆ దారినే వచ్చినదనుకొన్న ఒక పళ్ళెం కథ వినదగినది. నున్నగా, నల్లగా మెరుస్తూ, లోపల అడుగున చుక్కల వలయాలు కల మట్టి పళ్ళేలు మన తూర్పుతీరం పొడుగునా, ఈ ధరణికోటలో కూడా, దొరికినవి. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో వీటిని చూచిన వీలర్ దొర ఇది మధ్యధరా దేశాల సరకనీ, కొన్ని ఇక్కడ నకలు చేసినవనీ భావించాడు. చాలాకాలం లోకమంతా అట్లాగే నమ్మినది. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పెంకులను పొడిచేసి మట్టిని పరీక్షించగా అది భారతదేశపు మట్టేనని తేలినది. చుక్కల వలయం వేసే మెలకువ పడమటి నుంచి వచ్చి ఉండవచ్చును. పళ్ళెం మాత్రం మన కుమ్మరి చేసినదే. మట్టికి అబద్ధమాడడం తెలియదు.

మట్టి బొమ్మల మాట వచ్చినప్పుడు కృష్ణ దాటి తెలంగాణాలోని కొండాపురాన్ని తలచుకోక తప్పదు. సంగారెడ్డి దగ్గరి ఈ ఊళ్ళో 1940 ప్రాంతాలలో గులాం యజ్దానీ గారు త్రవ్వకాలు జరిపించారు. శాతవాహనుల కాలపు తెల్లసుద్ద మట్టి బొమ్మలు అక్కడ ఎన్నో దొరికినవి. ఆడవారి కొప్పుల సింగారం చూస్తే ఈనాటి పెండ్లిళ్ళలో జడలు వేసే అమ్మలు కూడా ఆగి చూడవలసిందే. ముందు సగానికి ఒక అచ్చు, వెనుక సగానికి ఒక అచ్చు. రెండూ అతికితే లోపల బోలుగా ఉండే పూర్తి బొమ్మ. ఈ జంట అచ్చు మెలకువ రోమన్ లోకం నుంచి వచ్చినదని పండితులు చాలామంది తలుస్తారు. ఇంకా తమాషా ఏమిటంటే, రోమన్ చక్రవర్తి నాణెం ముద్రను మట్టి బిళ్ళ మీద ఒత్తి, పైన కొక్కెం పెట్టి, మెడలో వ్రేలాడదీసుకొన్నారు! అక్కడ సీజరు ముఖం డబ్బు. ఇక్కడ అది నగ. ఇంతకంటె చక్కని తద్భవం ఏ వ్యాకరణంలోను చూపలేము.

తత్సమాలు కూడా ఉన్నవి. వాటికి నాగార్జునకొండకు పోవాలి. మాచర్ల దాటి విజయపురి దక్షిణం చేరి లాంచి ఎక్కితే నీటి నడుమ ద్వీపమై నిలిచిన కొండ వస్తుంది. 1926లో బయటపడి, 1954 నుంచి 1960 వరకు ఆనకట్ట నీళ్ళు రాకముందు తొందరతొందరగా త్రవ్విన ఇక్ష్వాకుల విజయపురి లోయ ఇప్పుడు ఆ నీటి క్రింద ఉన్నది. అక్కడి స్తంభాలలో ఒకదాని మీద గడ్డం పెంచిన అర్ధనగ్న పురుషుడు చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. చూచినవారికి గ్రీకుల మద్యదేవత డయొనిసస్ గుర్తుకు వచ్చాడు. మరొక చోట నెత్తిన కుళ్ళాయి, ఒంటిన పొడుగు చేతుల అంగీ, కాళ్ళకు పట్లాము తొడిగిన శకసైనికుడు ఈటె పట్టుకొని కాపలా కాస్తూ ఉంటాడు. ఈ ఎండలలో ఆ అంగీ ఎట్లా భరించాడో గాని, శిల్పి మాత్రం ఒక్క గుండీ సడలించలేదు. వచ్చినవాణ్ణి వచ్చినట్లు నిలబెట్టాడు. తత్సమం అంటే అదే గదా.

ఆ లోయకు పరాయివారు కొత్త కాదు. ఇక్ష్వాకు రాజుల ఇంటికి ఉజ్జయిని నుంచి కోడలు వచ్చినది. ఒక శాసనం కాశ్మీర గాంధారాలు, చీనా, యవన, ద్రమిళ, సింహళ దేశాల పేర్లు వరుసగా చెపుతుంది. దానధర్మాలలో "దీనారి మాషకాలు" అనే డబ్బు కనబడుతుంది. రోమువారి డెనారియస్ నాణెం పేరే మన నోట దీనారం అయినది. అయినా ఆ శిల్పాల నడుమ జాతక కథకు జాతక కథకు మధ్య నిలబెట్టిన దంపతుల జంటలను చూడండి. భుజం మీద చెయ్యి, ఓరచూపు, ఒయ్యారంగా వంగిన నడుము. ఎట్రుస్కనులు కూడా మట్టి శవపేటిక మీద దంపతులను ఒకే పాన్పు మీద ప్రక్కప్రక్కన కూర్చోబెట్టారు. గ్రీకుల విందులో ఇల్లాలికి ఆ చోటు లేదు. ఇక్కడి జంటలకూ అక్కడి జంటకూ చుట్టరికం లేదు. ఆరు వేల కిలోమీటర్లకు పైగా దూరం, ఎన్నో వందల యేండ్ల ఎడం. అరువు తెచ్చుకొన్న పద్ధతిలో తమ ఇంటి సంగతి చెప్పుకోవడం మాత్రం ఇద్దరికీ తెలుసును.

ప్రభావం ఒకవైపు బాట కాదు. 1938లో ఇటలీలోని పాంపే నగరపు త్రవ్వకాలలో మన దేశపు దంతపు బొమ్మ ఒకటి దొరికినది. నిండు నగలతో నిలబడిన స్త్రీ, ఇరుప్రక్కల ఇద్దరు చెలికత్తెలు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద క్రింద ఆ ఊరు పూడిపోయింది గనుక, బొమ్మ అంతకు ముందే సముద్రం దాటినదన్నమాట. శాతవాహనుల రాజ్యంలో తయారై ఉండవచ్చునని కొందరు పండితుల అభిప్రాయం. ఇటు దక్షిణాన సింహళంలో తొలినాటి బుద్ధవిగ్రహాలకు ఆంధ్ర శిల్పుల పోకడలు అందినవి. నాగార్జునకొండలో సింహళ విహారమే ఉండేది. పుచ్చుకొన్నవారే ఇచ్చారు కూడా.

చివరిగా చందవరం. ప్రకాశం సీమలో దొనకొండకు సమీపాన, గుండ్లకమ్మ నది ప్రక్కన చిన్న కొండ, దానిమీద మహాస్తూపం. 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు దీనిని గుర్తించారు. 1972 నుంచి 1977 వరకు త్రవ్వకాలు జరిగినవి. ఇక్కడి సున్నపురాతి పలక ఒకటి, బుద్ధుని ఆరాధించే భక్తుల శిల్పం, దొంగల చేతబడి దేశం దాటి, 2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ కళాశాలకు అమ్ముడుపోయినది. సంగతి బయటపడిన తరువాత 2016లో ఆ దేశంవారు దానిని మన దేశానికి అప్పగించారు. దొంగ ఈ రాతిలో రోమన్ పాలు ఎంత, ఆంధ్ర పాలు ఎంత అని అడగలేదు. వెల ఎంత అని అడిగాడు. అంతకు నూటయాభై యేండ్లకు పైగా ముందు అమరావతిలో సున్నం కాల్చినవాడు అదికూడా అడగలేదు.

మనం మాత్రం ఎవరి ప్రభావం ఎంత అని వాదించుకొంటూ, రాళ్ళను ఎవరి పాలికో వదిలిపెట్టాము. తెచ్చుకొన్నందువల్ల మన శిల్పం తక్కువ కాలేదు. ఇచ్చినందువల్ల కూడా తక్కువ కాలేదు. పోగొట్టుకొన్న ప్రతి పలకతోను నిజంగా తక్కువ అయినది. మిరపపంటను వానకు తడవకుండా రాత్రివేళ లేచి పట్టాలు కప్పుకొనే రైతుకు ఆ విత్తనం ఏ దేశానిదన్న ధ్యాస ఉండదు; తన కల్లంలో ఉన్నది గనుక అది తనది. శిల్పం విషయంలో మనకు అంతమాత్రం జాగ్రత్త కావాలి.

చూడదలచినవారు పుష్యమాఘాలలో బయలుదేరితే మంచిది. అమరావతికి ఒక పూట చాలదు, రోజంతా పెట్టుకోండి. నాగార్జునకొండ లాంచి వేళలు ముందుగా కనుక్కొని పోండి. అనుపులో ఇటుక మెట్ల రంగస్థలాన్ని తెచ్చి తిరిగి కట్టారు, అది విడిచిపెట్టవద్దు. చందవరానికి ఎండ ఎక్కకముందే చేరుకోవాలి. పిల్లలను వెంట తీసికొని పోండి. కొండ క్రింది చేలలో పనిచేసేవారిని అడిగితే దారి చూపుతారు. తాగే నీళ్ళు మాత్రం మీరే పట్టుకొని పోవాలి.